దేవాపి నిరాకరణము: ఒక అర్హతావిచారము

దీర్ఘరోగము కలదను కారణముచే ఒకనిని పనిలో చేర్చుకొనకుండుట, చేరినవానిని తొలగించుట నేడు న్యాయస్థానములు విచారించుచున్న విషయము. సాహిత్యవిద్యార్థులకు దీనితో ప్రసక్తి యేమని కొందఱడుగవచ్చును. ఇట్టి నిరాకరణమును గూర్చిన కథ యొకటి మన ప్రాచీనవాఙ్మయమున కలదు. అది ఒక్క రూపమున గాక పెక్కు రూపములలో లభించుచున్నది. ఆ రూపభేదములను కథాపరిణామమునకు నిదర్శనములుగా చూపి ఊరకుండుట పరిపాటి. అవి ఒక్కొక్కటి నిరాకరణమునకు ఒక్కొక్క పద్ధతి యనియు, ఆ పద్ధతులను గుర్తించినవారికి నేటి గుంటూరు సీమలోని పనిపాటల స్థితి స్పష్టముగా కనబడుననియు మా యభిప్రాయము.

కథ దేవాపిది. అతడు ప్రతీపుని జ్యేష్ఠపుత్రుడు, బాహ్లిక శంతనుల కన్న. వ్యాసభారతమున ఈ కథ ఉద్యోగపర్వములో వచ్చును. (ఉద్యోగమనగా అచట యుద్ధసన్నాహము, జీతమునకు చేయు కొలువని కాదు. అయినను ఈ కథ ఆ పర్వమునందే యుండుట మాకు వింతగా తోచుచున్నది.) దేవాపి ధార్మికుడు, సత్యవాది, తండ్రిసేవయందు నిరతుడు, పౌరులకును జానపదులకును ప్రియుడు, కాని త్వగ్దోషి, అనగా చర్మవ్యాధి కలవాడు. వృద్ధుడైన ప్రతీపుడు అతని పట్టాభిషేకమునకు సంభారములన్నియు కూర్చుకొనెను. అంతట బ్రాహ్మణులును వృద్ధులును పౌరజానపదులతో గూడి అడ్డుపడిరి. హీనాంగుడైన రాజును దేవతలు మెచ్చరని వారి వాదము. ప్రతీపుని కంఠము గద్గదమయ్యెను. కొడుకును గూర్చి దుఃఖించెను. దేవాపి అడవికి పోయెను.

ఇందు రెండు విషయములు గమనింపదగినవి. మన పురాణములలో రోగమునకు వెనుక శాపముండుట సర్వసాధారణము. చంద్రుని క్షయకు దక్షుని శాపము కారణము. సాంబుని కుష్ఠునకు తండ్రి శాపము కారణము. దేవాపి వ్యాధికి ఈ పర్వమున శాపము లేదు, పాపము లేదు. గుణములన్నియు చెప్పిన పిదపనే వ్యాధి చెప్పబడినది. రెండవది, రాజు చేయవలసిన పనులలో దేనికి ఆ చర్మము అడ్డువచ్చునో ఎవ్వరును అడుగలేదు. తీర్పు చెప్పుటకా, సేన నడుపుటకా, ప్రజల మొఱ వినుటకా? అట్టి ప్రశ్నయే సభలో పుట్టలేదు. అర్హతను పనితో ముడిపెట్టక దేహముతో ముడిపెట్టిరి.

కథకుడెవరో చూచినచో విషయము మఱింత లోతునకు పోవును. ఈ కథ చెప్పువాడు ధృతరాష్ట్రుడు, వినువాడు దుర్యోధనుడు. ధృతరాష్ట్రుడు తానే హీనాంగుడన్న కారణమున రాజ్యమునకు దూరమైనవాడు. అతడు దేవాపికి జరిగినది అన్యాయమనుటకు ఈ కథ చెప్పలేదు. నాకే రాని రాజ్యము నీ కెట్లు వచ్చునని కొడుకు నోరు మూయించుటకు చెప్పెను. నియమముచే నష్టపడినవాడే ఆ నియమమునకు ప్రధానసాక్షియైనాడు. వ్యాసుని కథనములో మేము అన్నిటికంటె క్రూరమనుకొను అంశమిది.

యాస్కుని నిరుక్తమున త్వగ్దోషప్రసక్తియే లేదు. శంతనుడు పట్టము కట్టుకొనెను, దేవాపి తపస్సునకు పోయెను, పండ్రెండేండ్లు వానలు లేకపోయెను. జ్యేష్ఠుని కాదని అభిషిక్తుడగుట అధర్మమని బ్రాహ్మణులు చెప్పగా శంతనుడు అన్నకు రాజ్యమీయబోయెను. దేవాపి వలదని, పురోహితుడనై యజ్ఞము చేయింతునని పలికెను. ఋగ్వేదమున 10వ మండలములోని 98వ సూక్తము ఆ సందర్భమున దేవాపి దర్శించినదని సంప్రదాయము.

బృహద్దేవతలో వ్యాధి తిరిగి వచ్చినది, కాని పాత్రల మాటలు తారుమారైనవి. తండ్రి స్వర్గస్థుడైన పిమ్మట ప్రజలే దేవాపికి రాజ్యమిచ్చిరి. అతడు క్షణకాలమాలోచించి, తాను రాజ్యమునకు తగననియు, శంతనుని రాజును జేసికొనుడనియు చెప్పెను. భారతమున ప్రజలు కాదన్నారు. ఇచట తానే కాదనుకొన్నాడు. ఏది ముందటిది, ఏది తరువాతిది అను చర్చను ఇచట తలపెట్టము. ఆ క్షణకాలమున అతడేమి యాలోచించెనో గ్రంథము చెప్పదు. పుట్టినది మొదలు పదిమంది చూపులలో తన చర్మమును చూచుకొనుచు పెరిగినవాడు, అడుగకముందే సమాధానము సిద్ధపఱచుకొని యుండుననుట ఊహకందని విషయము కాదు. నేటి కార్యాలయములలో స్వచ్ఛందముగా రాజీనామా యిచ్చెనని వ్రాసికొను మాటకు ఇది పూర్వరూపము.

విష్ణుపురాణము వేఱొక దారి తొక్కినది. అచట చర్మవ్యాధి లేదు. దేవాపి బాల్యమునందే అడవికి పోయెను. అన్న పతితుడు కానంతవరకు రాజ్యము అతనిదేయని బ్రాహ్మణులు శంతనునకు చెప్పిరి. ఆ మాట విన్న మంత్రి వేదవిరుద్ధవాదులను అడవికి పంపి, సరళబుద్ధియగు దేవాపి మనస్సు త్రిప్పించెను. పతితుడను ముద్ర పడగానే శంతనుని దోషము తొలగినది, వాన కురిసినది. రోగమున్నచో అనర్హుడనుట ఈ సంప్రదాయమునకు చాలినంత కారణముగా తోచలేదని మేము భావించుచున్నాము. కావుననే దోషము నొకదానిని కల్పింపవలసి వచ్చినది. ఆ కల్పన మంత్రి పన్నాగమని పురాణకర్త దాచకుండ చెప్పుట మెచ్చుకొనవలసినదే. ఆ పురాణమే మఱొకచోట దేవాపి యోగబలమున కలాపగ్రామమున జీవించియున్నాడనియు, రాబోవు కృతయుగమున క్షత్రవంశమును తిరిగి నిలుపుననియు చెప్పును. అంతకాలము వేచియుండుటకు మన వాదులకు ఆయువు చాలదు.

కావున ఈ కథలో మూడు నిరాకరణములున్నవి: పదిమంది బాహాటముగా వలదనుట, వాడే తగనని తప్పుకొనునట్లగుట, రోగమును పలుకక నడతలో తప్పు పట్టుట. వీనితోపాటు ఒక ప్రత్యామ్నాయమున్నది. బృహద్దేవతలో రాజ్యమునకు తగని శరీరమే యజ్ఞమునకు తగినది. వ్యాధిచే తేజము తగ్గినదని చెప్పుకొన్న దేవాపియే ఋత్విజుడై వాన కురిపించెను. సింహాసనముకంటె యజ్ఞవేదికకు శరీరశుద్ధి యెక్కువ కావలెను గదా యని శిష్యులడిగినచో ఉపాధ్యాయులేమి చెప్పుదురో మాకు తెలియదు.

ఆధునికవాఙ్మయమున ఈ విచారము కొనసాగవలసినది, కొనసాగలేదు. 1908లో తెనాలిలో జన్మించిన చక్రపాణి క్షయరోగచికిత్సకై మదనపల్లె శానిటోరియమున నుండి, అచటనే వంగభాష నేర్చి, శరత్‌బాబు నవలలను తెనిగించిన సంగతి ప్రసిద్ధమే. రోగము ఒక రచయితకు భాషనిచ్చిన అరుదైన ఉదాహరణ మిది. కాని ఆ నవలలవలన మన పాఠకులకు అలవడిన రోగి ఎట్టివాడు? దేవదాసు జమీందారు బిడ్డ. అతడు క్షీణించినచో ప్రేమ నష్టపడును గాని జీతము నష్టపడదు. తెలుగు నవలలో రోగికి మంచము దొరకినంత సులభముగా కొలువు దొరకలేదని చెప్పుట సాహసము కాదు. ఈ లోటువలననే మేము న్యాయస్థానపు తీర్పులను సాహిత్యమువలె చదువవలసి వచ్చుచున్నది.

ఉద్యోగపర్వమును తెనిగించిన తిక్కన పితామహుడు మంత్రిభాస్కరుడు గుంటూరి విభుడని ప్రఖ్యాతి. మేము గుంటూరు వైపు చూచుట అందులకు కాదు. 2004-05లో ఆ జిల్లాలో పల్లెలనుండి, పట్టణములనుండి 12,617 మంది జనసామాన్యమును పరీక్షించి హెచ్.ఐ.వి. వ్యాప్తిని లెక్కించిరి. 15 మొదలు 49 ఏండ్ల వయస్సువారిలో నూటికి 1.72 మందికి కలదని తేలెను. ఆసుపత్రులకు వచ్చు గర్భిణుల, సుఖవ్యాధిగ్రస్తుల పరీక్షలు ఆధారముగా వేసిన అధికారికపు టంచనా దీనికి రెండు రెట్లు మించియున్నదని 2006లో వెల్లడించిరి. రోగముకంటె రోగమును గూర్చిన తలంపు పెద్దదిగా నుండెనని దీనివలన తెలియుచున్నది. 2004 ఏప్రిల్‌నుండి ప్రభుత్వము ఉచితముగా మందులిచ్చుట మొదలుపెట్టిన పిదప అది క్రమముగా దీర్ఘకాలము మందుతో నడుపుకొను వ్యాధియైనది. భయము మాత్రము అంత త్వరగా మాఱలేదు.

1997లో బొంబాయి హైకోర్టు ఒక తాత్కాలిక కూలీ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. ఒక ప్రభుత్వరంగసంస్థ అతనిని వైద్యపరీక్షకు పంపెను. పని చేయగల దేహదార్ఢ్యము కలదని తేలెను, హెచ్.ఐ.వి. యున్నదనియు తేలెను. రెండవ మాట మొదటి మాటను మ్రింగివేసినది. జాబితాలోనుండి అతని పేరు కొట్టివేసిరి. న్యాయస్థానము పేరును తిరిగి చేర్పించి, పోయిన సంపాదనకు 40,000 రూపాయలిప్పించెను. వాడు ఆ పని చేయగలడా, పనిచోట ఇతరులకు గణనీయమైన అపాయము కలిగించునా అను రెండే ప్రశ్నలడుగవలెనని నిర్ణయించెను. ప్రతీపుని సభలో పుట్టని ప్రశ్న ఇదియే. 2006 నాటి న్యాయసంపుటములలో ప్రకటితమైన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇదే తర్కమును పోలీసు నియామకములకు వర్తింపజేసి, పనిచేయు శక్తిని విచారింపక హెచ్.ఐ.వి. యున్నవారినందఱిని త్రోసివేయుట సమానత్వమునకు విరుద్ధమని పలికెను.

ఆ తీర్పులో అభ్యర్థి పేరు ‘ఎక్స్’. బొంబాయి తీర్పులోను అక్షరములే పేర్లు. గుట్టు కాపాడుటకు ఇది అవసరమని ఒప్పుకొనవలసినదే. అయినను విమర్శకుని చెవికి మఱొక ధ్వని వినబడును. దేవాపి నిరాకృతుడై పేరు నిలుపుకొన్నాడు. ఎక్స్ గెలిచియు పేరు చెప్పుకొనజాలడు.

చట్టములలో మొదటి నిరాకరణమునకు బలమైన జవాబు దొరకినది. 2017లో చేయబడి 2018 సెప్టెంబరు 10నుండి అమలులోనికి వచ్చిన హెచ్.ఐ.వి. చట్టము ప్రకారము, ఉద్యోగినుండి ఇతరులకు గణనీయమైన అపాయము కలదనియో, అతడు పనికి తగడనియో స్వతంత్రవైద్యుడు వ్రాసియిచ్చిన పత్రమును, సర్దుబాటు చేయుటవలన తనకు కలుగు ఇబ్బందిని యజమాని వ్రాసిన పత్రమును ఆ యుద్యోగికి అందజేయక తొలగింపరాదు. దేవాపి పౌరోహిత్యమునకు సాటియైనది 1995 నాటి వికలాంగుల చట్టమున 47వ విభాగముగా వచ్చి, 2016 నాటి చట్టమునను నిలిచినది: కొలువులో నుండగా వైకల్యము వచ్చినచో, ప్రభుత్వసంస్థ అతనిని అదే జీతముపై వేఱు పనికి మార్చవలెను. 2016 పట్టికలో కుష్ఠు నయమైనవారు, పార్కిన్సన్ వ్యాధిగ్రస్తులు, తలసేమియా గలవారు చేరిరి. మధుమేహము, ఉబ్బసము, మూత్రపిండవ్యాధి చేరలేదు. పట్టికలన్నిటికి గల దోషమే దీనికిని కలదు. పేరు లేనివాడు రోగి కానట్లే చూడబడును.

మిగిలిన రెండు నిరాకరణములకు జవాబు అంత సులభము కాదు. ప్రత్తి మరలలో దూదిధూళి పీల్చువారికి వచ్చు బిస్సినోసిస్ అను శ్వాసరోగమును చూడుడు. తొలిదశలో అది వారపు సెలవు గడచి తిరిగి పనిలోనికి వచ్చిన మొదటి దినముననే ఛాతీ పట్టివేయును. తరువాతి దినములలో తగ్గును. ఏండ్లు గడచిన కొలది ఎడతెగనిదగును. సెలవు మఱునాడు పని సాగనివానిని చూచి యజమాని సోమరియనుట ఎంత సులభము! రోగలక్షణమే నడతలోని దోషముగా మాఱును. విష్ణుపురాణమున మంత్రి శ్రమపడి కల్పించినదానిని ఇచట ఎవ్వరును కల్పింపనక్కరలేదు.

ఇక మిరపయార్డులోను, శీతలగిడ్డంగులలోను దినకూలీకి పోవువారి సంగతి. తొడిమలు తీయు స్త్రీకిగాని, బస్తాలు మోయు మనిషికిగాని నియామకపత్రము లేదు. పిలుపు నోటిమాట, మానిపించుటయు నోటిమాట. చాలచోట్ల అదియు నుండదు. దగ్గు వినబడిన మఱునాటి తెల్లవారి ముఠామేస్త్రీ ఆ యింటి ముందు ఆగక పోవును. అడిగినచో ఈ వారము పని తక్కువగా నున్నదనును. చట్టము తొలగింపునకు రెండు వ్రాతపత్రములు కోరుచున్నది. ఇచట చేర్చుకొనుటకే ఒక పత్రము లేదు గనుక, తొలగించినట్లు ఋజువుచేయుటకు ఆ స్త్రీ చూపగలిగినది మేస్త్రీ ఆగకపోయిన ఆ యుదయము మాత్రమే.