రసీదు, సాక్ష్యము: రామదాసు కథపై ఒక పరిశీలన

రామదాసు చరిత్రమును భక్తికథగా వ్యాఖ్యానించినవారు పెక్కురు. మేమిచ్చట దానిని కచేరీకథగా పరిశీలింపదలచితిమి. ఏలయన, కథానాయకుడగు కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారు. తానాషా (1672–1687) ప్రభుత్వమునకు లెక్క చెప్పవలసిన ఉద్యోగి.

ఈ కథలో రెండు విధములగు ప్రమాణములు ఎదురుపడుచున్నవి. మొదటిది పోకల దమ్మక్క మాట. ఆమె పుట్టలో విగ్రహములను కనుగొని, పందిరి వేసి పూజించినదని ఐతిహ్యము. ఆమె చేత ఏ పత్రమును లేదు, కంటిననుటయే ప్రమాణము. ఆ మాటపై నిలిచిన కొలువునకే గోపన్న గుడి కట్టించెను. రెండవ ప్రమాణము ఖజానా పద్దు. గోదావరి యొడ్డున ఆలయము కన్నులయెదుట నిలిచియున్నను, గోలకొండ కచేరీ చూచినది పద్దులోని లోటును మాత్రమే.

అయినను కథ ఏకపక్షముగా నడువలేదు. రాజ్యపు పైకమును అనుమతి లేక వ్యయపరచుట దోషము కాదని అది ఎచ్చటను చెప్పలేదు. రామలక్ష్మణులు మారువేషములతో వచ్చి, బాకీ పూర్తిగా చెల్లించి, రసీదు పుచ్చుకొనిరట! దేవునికైనను రసీదు తప్పలేదని నవ్వుకొనవచ్చును. కాని ఆ నవ్వులో ఒక వివేకమున్నది: లెక్క ఉండవలసినదే, కాని సత్యమంతయు లెక్కలో ఇమడదు.

ఈ వివేకము నేటికిని అక్కరకు వచ్చును. ఆ భద్రాచల ప్రాంతపు అడవులలోనే పోడు చేసికొను కోయలు, కొండరెడ్లు తమ సాగును రుజువు చేసికొనవలసి వచ్చినది. 2006 నాటి అటవీహక్కుల చట్టము, 2005 డిసెంబరు 13 నాటికి గిరిజనుల సాగులోనున్న అటవీభూమిపై, కుటుంబమునకు 4 హెక్టార్లకు మించకుండ, హక్కును గుర్తించినది. 2008 జనవరిలో వెలువడిన నియమములు ఊరిపెద్దల వాఙ్మూలమును సాక్ష్యములలో చేర్చినవి. ఉపగ్రహచిత్రము ఇతర సాక్ష్యములకు తోడు కావచ్చునే గాని బదులు కాజాలదని 2012 నాటి సవరణ స్పష్టపరచినది. అనగా దమ్మక్క మాటకు చట్టమే చోటిచ్చినది. కాగితము లేదను ఒక్క కారణమున పెద్దల మాటను త్రోసిపుచ్చు అధికారి చట్టమును పాటించినట్లు కాదు, మీరినట్లు.

కావున రామదాసు చరిత్రమును బోధించునపుడు చెరసాల క్రౌర్యమునొద్దనే ఆగిపోక, పద్దునకును ప్రజావాక్యమునకును నడుమ ఆ కథ చూపిన తూనికను విద్యార్థులకు వివరించుట యుక్తమని మా అభిప్రాయము.