కాంటూరు గీతను చదివే చదువు

పర్యావరణ సమాచారాన్ని లెక్కగట్టి చదివే శిక్షణ ఇప్పుడు అందరికీ ఉచితమేనని అంటున్నారు. మాట అబద్ధం కాదు. 2009 నుంచి ఇస్రో వారి భువన్‌లో ఉపగ్రహ చిత్రాలు చూడొచ్చు. పటాలు తయారుచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌కు పైసా ఖర్చు లేదు. దాన్ని ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్ చిన్న చిన్న పాఠాలుగా నేర్పుతోంది. 2017లో మొదలైన స్వయంలో పెద్ద పెద్ద సంస్థల కోర్సులున్నాయి. తలుపు తెరిచే ఉంచారు గానీ గడప మన పిల్లలు దాటలేనంత ఎత్తుగా కట్టారన్నదే మా విమర్శ.

ఈ చదువు మనకెందుకో పోలవరం ముంపు ప్రాంతమే చెబుతుంది. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. మొదటి దశ పునరావాసానికి 41.15 మీటర్ల కాంటూరును హద్దు చేశారు. కాంటూరంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీత. గీత లోపలి ఇంటికి ముందు పునరావాసం, బయటి ఇంటికి తర్వాత. 2022 జూలై వరదలో కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో గీత బయటివన్న ఊళ్లు కూడా మునిగాయి. మమ్మల్నీ మొదటి దశలో చేర్చండని జనం మొత్తుకున్నారు. విమానం నుంచి లేజర్ కిరణాలతో నేల ఎత్తు కొలిచే లైడార్ సర్వేలో, మరో 36 ఆవాసాలు 41.15 గీత లోపలికే వస్తాయని తేలింది.

వరదలో మునిగినంత మాత్రాన గీత తప్పని రుజువు కాదు. నిల్వ నీరు వేరు, వరద నీరు వేరు. ఆ తేడాను అధికారుల ముందు విడమరిచి చెప్పి, మా ఊరిని మళ్లీ కొలవండని కాగితం మీద అడగగలిగేవాళ్లు ఊరికి ఇద్దరుంటే చాలు, మాటకు బలం వస్తుంది.

అదే నెలలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986లో 75.6 అడుగులకు వచ్చింది. అయితే ఆ అడుగులు నది కొలబద్ద మీది లెక్క, కాంటూరు మీటర్లు సముద్రమట్టం నుంచి లెక్క. రెంటినీ నేరుగా పోల్చకూడదు. ఏ అంకె కనిపించినా ఎక్కడి నుంచి కొలిచారు, ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు అని అడగడమే డేటా సైన్స్‌లో మొదటి పాఠం. దానికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు.

ఇప్పుడున్న కోర్సుల్లో ఎక్కువ భాగం ఆ పాఠాన్ని వదిలేసి సాఫ్ట్‌వేర్‌తో మొదలవుతాయి. భాష ఇంగ్లీషు. సొంత ల్యాప్‌టాప్, ఆగకుండా వచ్చే నెట్ ఉన్నాయనుకుని తయారుచేస్తారు. సిగ్నల్ కోసం గుట్టెక్కే గూడేల సంగతి ఎవరికీ పట్టదు. చదవడం ఉచితమే గానీ, స్వయంలో సర్టిఫికెట్ పరీక్షకు ఫీజు కట్టాలి. బీఏ, బీకాం పిల్లలు ఇవి తమకు కావనుకుని ముందే వెనక్కి తగ్గుతారు. ఇంటిల్లిపాదీ జీడిపిక్కలు ఏరే రోజుల్లో, పొగాకు బ్యారన్ల దగ్గర పని దొరికే రోజుల్లో శిక్షణ పెడితే కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు?

అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఎర్త్ ల్యాబ్, అక్కడి ఆదివాసుల ఓగ్లాలా లకోటా కాలేజీతో కలిసి ఇలాంటి శిక్షణే నడిపింది. విద్యార్థులకు డబ్బు ఇచ్చి నేర్పారు, అధ్యాపకులకూ నేర్పారు. ఈ రెండూ మనకు కావాలి. బయటి నిపుణులు వారం ఉండి వెళ్లిపోతారు, ఏటా పిల్లల ముందు నిలబడేది టీచరే.

జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల్లో దీన్ని చిన్నగానైనా మొదలుపెట్టొచ్చు. సాఫ్ట్‌వేర్, పాఠాలు కాలేజీ ల్యాబ్‌లోనే ఎక్కించి ఉంచాలి. తెలుగులో చెప్పాలి, కోయ మాట వచ్చినవాళ్లు తోడుండాలి. మొదటి పని సొంత ఊరి పటం కావాలి: వాగు, చెరువు, ఇప్పచెట్లు, పోడు. ఒక వర్షమాపకం, ఒక నోటుబుక్కు పెట్టి ఏడాది పొడవునా వాన లెక్క రాయించాలి. కోడ్ ఆ తర్వాత. ఆ రోజుల కూలికి బదులుగా కె.ఆర్.పురం ఐటీడీఏ భృతి ఇవ్వాలి.

ఒక్క జాగ్రత్త. పిల్లల చేత ఊరి వివరాలు సేకరింపజేసి పట్టుకుపోతే అది శిక్షణ కాదు, కూలి ఇవ్వని సర్వే పని. ఆదివాసుల సమాచారం మీద అధికారం ఆదివాసులదేనని, దాని మేలు వారికే ముందు అందాలని 2019లో వివిధ దేశాల ఆదివాసీ ప్రతినిధులు కేర్ సూత్రాలుగా ప్రకటించారు. మన దగ్గర అందుకు గ్రామసభ ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు హక్కుల దరఖాస్తులు మొదట చూసేది అదే. పిల్లలు గీసిన పటం కూడా ముందు అక్కడికే రావాలి.

ఏ ఏడు వరద ఎక్కడిదాకా వచ్చిందో మన పెద్దలు చెట్టు మొదలు మీద చూపిస్తారు. ఆ గుర్తును మీటర్లలోకి మార్చి పటం మీద పెట్టగల బిడ్డ ఆ ఊళ్లోనే తయారవ్వాలి.