లెక్కకే అందే లాభం

కోడ్ ఎలా రాస్తే మంచిదో ప్రోగ్రామర్లకు గట్టి అభిప్రాయాలుంటాయి. 2016లో ప్రేమ్ దేవన్‌బు, థామస్ జిమ్మర్‌మన్, క్రిస్టియన్ బర్డ్ మైక్రోసాఫ్ట్‌లో 564 మందిని అడిగితే, ఆ అభిప్రాయాలు ప్రధానంగా సొంత అనుభవం నుంచి పుట్టాయని, పరిశోధనల పాత్ర తక్కువేనని తేలింది. ఇందులో వింతేమీ లేదు. కానీ తమ ప్రాజెక్టులోనే పోగైన డేటాతోనూ ఆ నమ్మకాలు కుదరకపోవచ్చని కూడా వాళ్లు చూపించారు. నేను ఆగి ఆలోచించేది ఇక్కడే.

అనుభవానికి ఖర్చు కనిపించినంత తేలిగ్గా లాభం కనిపించదు. ముందు టెస్టు, తర్వాత కోడ్ రాసే టీడీడీనే తీసుకోండి. నాచియప్పన్ నాగప్పన్ బృందం మైక్రోసాఫ్ట్‌లో మూడు టీములను, ఐబీఎంలో ఒక టీమును పరిశీలించి 2008లో ఫలితాలు ప్రకటించింది. టీడీడీ పాటించని అలాంటి ప్రాజెక్టులతో పోలిస్తే, రిలీజుకు ముందు బయటపడ్డ లోపాల సాంద్రత 40 నుంచి 90 శాతం తక్కువ. మొదటి దశ పనికి 15 నుంచి 35 శాతం ఎక్కువ సమయం పట్టిందని టీముల అంచనా. ఆ ఆలస్యం ప్రతి స్ప్రింటులోనూ తెలిసొస్తుంది. పుట్టకుండా పోయిన బగ్గు మాత్రం ఎవరికీ గుర్తుండదు. పక్క ప్రాజెక్టుతో పోల్చి లెక్కేస్తేనే దాని జాడ దొరుకుతుంది. అందుకే ఎంతో అనుభవమున్నవారు కూడా ఇలాంటి పద్ధతిని నిజాయితీగానే వద్దనగలరు.

"నాలుగు టీముల సంగతి మాకెందుకు? క్లయింటు వారానికోసారి రిక్వైర్‌మెంట్లు మార్చే సర్వీస్ ప్రాజెక్టు మాది" అని హైదరాబాద్‌లో ఏ టీమ్ లీడ్ అన్నా కాదనలేం. ఆ శాతాలు మాదాపూర్‌లోనూ అలాగే వస్తాయన్న హామీ లేదు. మన దగ్గర మనమే లెక్కించుకోవాలనడానికి కారణం కూడా అదే. ఇక గిట్‌హబ్ ప్రాజెక్టులను చూసి, ప్రోగ్రామింగ్ భాషకూ బగ్గులకూ సంబంధం ఉందన్న 2014 నాటి అధ్యయనాన్ని 2019లో మరో బృందం తిరగదోడింది. చాలా భాగం నిలవలేదు. పరిశోధనలను నమ్మలేమనడానికి దీన్నే సాక్ష్యంగా చూపేవారున్నారు. నాకది తలకిందుల వాదన. లెక్క కాగితం మీద ఉంది కాబట్టే ఐదేళ్లకైనా తప్పు దొరికింది. మీటింగులో సీనియర్ అన్న మాటకు అలాంటి తనిఖీ ఎక్కడుంది?

నన్ను నిజంగా కలవరపెట్టే అభ్యంతరం వేరే ఉంది. బగ్గుల లెక్క అప్రైజల్లోకి చేరిందంటే జనం వాటిని నమోదు చేయడమే మానేస్తారు. కాబట్టి ఆ అంకెలు మనుషులకు మార్కులేయడానికి కాదని మేనేజర్లు ముందే మాటివ్వాలి, నిలబెట్టుకోవాలి. ఏ మాడ్యూల్లో ఎన్ని లోపాలు, ఎప్పుడు దొరికాయో జిరాలో ఇప్పటికే ఉంది. వచ్చే రెట్రోలో ఓ పద్ధతిని తీసేద్దామనుకుంటే, ముందు గత రెండు రిలీజుల లోపాలు తెరిచి లెక్కపెట్టండి.