స్థాని, ఆదేశం : అమెరికా పగటి గేమ్ షోల రద్దును చదవవలసిన తీరు

వ్యాకరణంలో ఒక వర్ణాన్ని తొలగించి ఆ స్థానంలో మరొకటి వచ్చి నిలవడాన్ని ఆదేశం అంటాం. తొలగిపోయినది స్థాని. ఆదేశాన్ని శత్రువుతోనూ, ఆగమాన్ని మిత్రుడితోనూ పూర్వ వ్యాకర్తలు పోల్చారు. ఈ పరిభాష టెలివిజన్ విమర్శకు కూడా పనికివస్తుందని అమెరికా నెట్‌వర్కుల పగటి గేమ్ షోల చరిత్ర చూస్తే అనిపిస్తుంది. 1970, 80 దశకాలలో ఈ కార్యక్రమాలు అనేకం రద్దయ్యాయి. రద్దయిన ప్రతిదాని గురించీ ప్రేక్షకులు దానిని తిరస్కరించారనే వ్యాఖ్య తేలికగా వినిపిస్తుంది. ప్రేక్షకుడి కంటే ముందే మరొకరి చేయి ఆ పాఠం మీద పడిందన్న సంగతిని ఈ వ్యాఖ్య పట్టించుకోదు. ఆ చేయి స్థానిక ప్రసార కేంద్రానిది.

ఈ వ్యవస్థ మన పాఠకుడికి కొత్త. దూరదర్శన్ హైదరాబాదు కేంద్రమైనా, మరో కేంద్రమైనా ఒకే ప్రభుత్వ సంస్థకు శాఖ. 1982 ఆగస్టు 15న జాతీయ కార్యక్రమం మొదలైన తరువాత ఢిల్లీ ప్రసారాన్ని అందుకోవడం ఆ కేంద్రాల విధి అయింది. నేటి తెలుగు ఉపగ్రహ చానళ్లలోనూ శ్రీకాకుళంలో కనిపించేదే ఆదిలాబాదులోనూ కనిపిస్తుంది. అమెరికాలో అలా కాదు. ఎన్‌బిసి, సిబిఎస్, ఎబిసి సంస్థలకు సొంత కేంద్రాలు కొన్నే. తక్కినవి వేరే యజమానులవి. ఒప్పందం మీద నెట్‌వర్కు కార్యక్రమాలను ప్రసారం చేసే అనుబంధ కేంద్రాలు. ప్రసార లైసెన్సు కేంద్రానిది కనుక ఏమి ప్రసారమైనా బాధ్యత కేంద్రానిదే. నెట్‌వర్కు పంపినదాన్ని కాదనే హక్కును 1941లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ రేడియో కేంద్రాలకు నియమపూర్వకంగా కల్పించింది. 1943లో సుప్రీం కోర్టు ఆ నియమాలను సమర్థించింది. తరువాత అవి టెలివిజన్‌కూ వర్తించాయి.

హక్కు అన్ని వేళలకూ ఒకటే అయినా దాని వాడకం మాత్రం కొన్ని వేళలలోనే ఎక్కువ. రాత్రి కార్యక్రమాన్ని తొలగించే సాహసం అరుదు. పగటి గేమ్ షో తేలికగా దొరికింది. నెట్‌వర్కు కార్యక్రమం వేస్తే కేంద్రానికి కొంత పారితోషికం, అమ్ముకోవడానికి కొద్దిపాటి ప్రకటన సమయం దక్కేవి. తన సొంత వార్తలు వేస్తే ప్రకటనల ఆదాయమంతా తనదే. సిండికేషన్‌లో కొన్న కార్యక్రమం వేసినా అధిక భాగం తనదే. అందుకే తూర్పు కాలమండలంలో మధ్యాహ్నం 12 గంటల వేళను స్థానిక వార్తలూ, సాయంత్రం 4 గంటల వేళను సిండికేషన్ కార్యక్రమాలూ ఆక్రమించాయి. ఎన్‌బిసి ‘సూపర్ పాస్‌వర్డ్’ 1984 సెప్టెంబరు నుంచి 1989 మార్చి దాకా ఆ 12 గంటల వేళలోనే బతికింది. అదే కార్యక్రమం మధ్య కాలమండలంలో 11 గంటలకు వస్తుంది. అక్కడ మధ్యాహ్న వార్తలతో దానికి తగాదా లేదు. ఒకే పాఠానికి ఒక ప్రాంతంలో ఉనికి, మరో ప్రాంతంలో గ్రంథపాతం! సిబిఎస్ ‘ప్రెస్ యువర్ లక్’ది మరీ స్పష్టమైన కథ. 1983లో ఉదయం 10.30కు మొదలైన ఆ కార్యక్రమాన్ని 1986 జనవరిలో సాయంత్రం 4కు మార్చారు. చాలా కేంద్రాలు ఆ వేళను తమ కోసం ఉంచుకున్నాయి. ఆ సెప్టెంబరుకే అది ముగిసింది.

రేటింగు లెక్క ఇక్కడే మోసం చేస్తుంది. నీల్సన్ జాతీయ రేటింగులో హారం దేశంలోని టెలివిజన్ ఇళ్లన్నీ. కార్యక్రమం అందని ఇల్లు కూడా చూడని ఇల్లుగానే లెక్కకు వస్తుంది. ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. 100 ఇళ్లలో 30 ఇళ్లకు కార్యక్రమం అందలేదు. అందిన 70 ఇళ్లలో 7 ఇళ్లవారు చూశారు. అందినచోట ఆదరణ పదింట ఒక వంతు. రేటింగు మాత్రం 7. ఈ 7ను చూసి ప్రజాభిరుచి తగ్గిందని రాసే విమర్శకుడు, తాళపత్రంలో చెదలు తిన్న పద్యాన్ని కవి రాయలేదని తేల్చే పరిష్కర్త వంటివాడు.

మధ్యాహ్నం 12 స్వభావతః చావు వేళ అనుకోవడానికీ వీల్లేదు. మెర్వ్ గ్రిఫిన్ రూపొందించిన ‘జెపర్డీ’ 1964లో ఎన్‌బిసిలో మొదలై, కొద్దికాలానికే ఆ వేళకు మారి, భోజన విరామంలో ఉన్న ఉద్యోగులను, కళాశాల విద్యార్థులను ఆకట్టుకుంది. ఆ వేళ నుంచి కదిపిన తరువాతే, 1975 జనవరిలో, దాని తొలి జీవితం ముగిసింది.

కేంద్రాలకు గేమ్ షో అనే ప్రక్రియ మీదే విముఖత ఉన్నదా? లేదనడానికి బలమైన సాక్ష్యం సాయంత్రాలలో ఉంది. రాత్రి ప్రధాన వేళలో కొంత భాగాన్ని నెట్‌వర్కుల చేతి నుంచి తప్పించే నియమాన్ని కమిషన్ 1970లో చేసింది. 1971లో అది అమలుకు వచ్చింది. స్థానిక సృజన వికసిస్తుందని ఆశించారు. వికసించినవి ఎక్కువగా సిండికేషన్ గేమ్ షోలు. ‘వీల్ ఆఫ్ ఫార్చ్యూన్’ 1975 నుంచి ఎన్‌బిసిలో పగటి కార్యక్రమం. 1983లో దాని సాయంకాల రూపం సిండికేషన్‌లో మొదలైంది. పగటి రూపం 1989లో సిబిఎస్‌కు వెళ్లి, తిరిగి ఎన్‌బిసికి వచ్చి, 1991లో ఆగిపోయింది. సాయంకాల రూపం నేటికీ నడుస్తోంది. పగటి రూపం ముగింపుకు స్థానిక తొలగింపు ఒక్కటే కారణమని అనను. కాని అదే చక్రం, అదే పదక్రీడ ఒకచోట కాలం చెల్లినవై, మరొకచోట కాసులు కురిపించాయంటే, తేడా ప్రక్రియలో లేదు. ప్రకటన సమయానికి యజమాని ఎవరన్న దానిలో ఉంది.

రూపం మీద కూడా ఈ తొలగింపు ప్రభావం ఉంది. దీనిని విమర్శ అంతగా గుర్తించలేదని నా అభిప్రాయం. ‘జెపర్డీ’, ‘సూపర్ పాస్‌వర్డ్’ వంటివాటిలో గెలిచినవారు తిరిగి వస్తారు; నిన్నటి విజయం ఈనాటి ఆటకు పీఠిక. ఒక రోజు ప్రసారం పోతే ఆ అనుబంధం తెగుతుంది. ధారావాహిక నాటకం ఇటువంటి లోటును పునరుక్తితో పూడ్చుకుంటుంది. జరిగినదాన్ని పాత్రలే మళ్లీ చెప్పుకుంటాయి. (మన సాయంకాల ధారావాహికల ప్రేక్షకులకు ఈ రహస్యం వివరించనక్కరలేదు.) గేమ్ షోకు ఆ వెసులుబాటు తక్కువ. 1972 సెప్టెంబరు 4న సిబిఎస్‌లో మొదలైన ‘ద ప్రైస్ ఈజ్ రైట్’ 1975 నుంచి గంట నిడివికి పెరిగింది. ప్రేక్షకుల నుంచే పోటీదారులను పిలవడం, వరుసగా ధరల ఆటలు, చివర షోకేస్‌తో ఆనాటి కథ ఆనాడే ముగియడం దాని పద్ధతి. ముక్తకం వంటిది. ముందు పద్యం పోయినా ఈ పద్యానికి అర్థలోపం రాదు. 1994 నుంచి 2009లో ‘లెట్స్ మేక్ ఎ డీల్’ సిబిఎస్‌లో పునఃప్రారంభమయ్యే దాకా నెట్‌వర్కుల పగటి వేళలో మిగిలిన గేమ్ షో ఇదొక్కటే. దాని మన్నికకు బాబ్ బార్కర్ వ్యక్తిత్వాన్ని కారణంగా చెబుతారు. నిజమే. ముక్తక స్వభావాన్నీ ఆ పక్కన చేర్చాలి.

ఆదేశం ఎల్లప్పుడూ శత్రువేనా? మధ్యాహ్న వార్తలు ఆ ఊరి తుఫాను హెచ్చరికను, పాఠశాలల మూసివేతను, పంట ధరను చెప్పాయి. న్యూయార్కు స్టూడియోలో ఒకరు గెలుచుకున్న కారు కంటే ఇవి ఆ ఊరివారికి దగ్గరి విషయాలు. అయితే అదే హక్కుకు మరో ముఖమూ ఉంది. మిసిసిపీ రాష్ట్రం జాక్సన్ నగరంలోని డబ్ల్యుఎల్‌బిటి కేంద్రం పౌర హక్కులకు సంబంధించిన నెట్‌వర్కు ప్రసారాలను అడ్డుకున్నదన్న అభియోగం 1964లో కమిషన్ ముందుకు వెళ్లింది. లైసెన్సు విషయంలో వాదించే అర్హత ప్రేక్షకులకూ ఉందని 1966లో అప్పీలు కోర్టు తీర్పునిచ్చింది. 1969లో లైసెన్సు పునరుద్ధరణనే రద్దు చేసింది. గేమ్ షోను తొలగించినందుకు ఇటువంటి వ్యాజ్యం ఊహించలేం. గృహిణులు, వృద్ధులు, రాత్రి పాళీ కార్మికులు చూసే కార్యక్రమానికి ఏమంత విలువ అన్న చిన్నచూపు ఇందులో లేదనుకోవడం కష్టం.

టెలివిజన్‌ను విడి కార్యక్రమాలుగా కాక ప్రవాహంగా చదవాలని రేమండ్ విలియమ్స్ 1974లో ప్రతిపాదించాడు. ఆ ప్రవాహాన్ని కూర్చేది ఒక చేయి కాదని, నెట్‌వర్కుదీ కేంద్రానిదీ రెండు చేతులని చేర్చుకుంటేనే ఆ సూత్రం అమెరికా పగటి వేళకు సరిపోతుంది. పరిశోధకుడికి ఆధారాల కొరత పెద్దది. ఆర్ట్ ఫ్లెమింగ్ నిర్వహించిన ‘జెపర్డీ’ ప్రసారాలలో అత్యధికం టేపులు చెరిపివేయడం వల్ల నశించాయి. వాటి స్థానంలో వచ్చిన స్థానిక వార్తల టేపులను భద్రపరచిన కేంద్రాలూ తక్కువే. చాలాచోట్ల స్థాని లేదు, ఆదేశమూ లేదు. మిగిలినవి ఆనాటి నగర దినపత్రికల టెలివిజన్ పట్టికలు. ఏ ఊరిలో ఏ వేళకు నెట్‌వర్కు పంపినది ఆగి మరొకటి నిలిచిందో ఆ చిన్న అక్షరాల వరుసల్లోనే పోల్చి చూసుకోవాలి.