లేకపోవడాన్ని చూపించే యాంటీబాడీ

ఈ వారం నాకు బాగా నచ్చినది ఒక బ్లాట్ ఫోటో. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్న అమ్మాయి వాట్సాప్‌లో పంపింది. పీటెన్ అనే ఎంజైమ్ కోసం ల్యాబ్‌లో కొత్తగా తెప్పించిన యాంటీబాడీతో, ప్రోటీన్లను సైజు వారీగా విడదీసి చూసిన బ్లాట్ అది. పీటెన్ ఉన్న డీయూ-145 కణాల లేన్‌లో 55 కిలోడాల్టన్లకు కాస్త కింద ఒక్కటే నల్లటి బ్యాండ్. పక్కనే పీసీ-3 లేన్‌లో ఆ ఎత్తున ఏమీ లేదు. అడుగున, ఎంత ప్రోటీన్ వేశారో చెప్పే యాక్టిన్ మాత్రం రెండింట్లోనూ సమానం. "బ్యాండ్ మొన్ననే వచ్చింది మేడమ్. పీసీ-3 కూడా నడిపాకే మీకు చూపిద్దామని ఆగాను" అని కింద రాసింది.

పీసీ-3 ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలు. వాటిలో పీటెన్ జన్యువే ఎగిరిపోయింది. అక్కడా బ్యాండ్ వచ్చిందంటే యాంటీబాడీ పట్టుకున్నది ఇంకేదో అన్నమాట. ఇంత తేలికైన పరీక్ష పెట్టకుండా సీసా మీది లేబుల్‌ని నమ్మి ఏళ్లు గడిపిన ల్యాబులు ఎన్నో. మాంట్రియల్ కేంద్రంగా ఒక బృందం 65 ప్రోటీన్ల పేరిట మార్కెట్లో ఉన్న 614 యాంటీబాడీలను, ఆ ప్రోటీన్ లేకుండా చేసిన కణాలతో పోల్చి చూసింది. అసలు ప్రోటీన్‌ని పట్టుకోలేని యాంటీబాడీలతో అచ్చయిన పేపర్లు ఒక్కో ప్రోటీన్‌కి సగటున 12 దాకా తేలాయి. జంతువు రక్తం నుంచి నేరుగా తీసే పాలీక్లోనల్ యాంటీబాడీల రోజులు చూసినదాన్ని, నాకు ఆశ్చర్యం కలగలేదు. ఒకసారి మా ల్యాబ్‌లో సీసా అయిపోయి అదే కేటలాగ్ నంబరుతో మళ్లీ తెప్పిస్తే, పాత బ్యాండ్ పోయి వేరే చోట్ల మూడు బ్యాండ్లు వచ్చాయి. ఫోన్ చేస్తే, "ఆ కుందేలు చనిపోయింది మేడమ్, ఇది వేరే కుందేలుది" అన్నారు. ఒక విద్యార్థి థీసిస్ ఆ కుందేలు రక్తం మీద నడుస్తోంది.

ఎంజైమ్‌ని ఆకారంతో కాదు, చేసే పనితో గుర్తుపట్టాలని నేను పట్టుబట్టేది అందుకే. కణపొర లోపలి వైపు ఉండే ఒక కొవ్వు అణువుకి పీఐ3-కైనేజ్ ఒక ఫాస్ఫేట్ తగిలిస్తే, పీటెన్ దాన్ని ఊడదీస్తుంది. ఊడదీసేవాళ్లు లేకపోతే పెరగమనే కబురు కణానికి అందుతూనే ఉంటుంది. జన్యువు 1997లో దొరికింది. అది కొవ్వు మీద చేసే ఈ పని 1998లో బయటపడింది.

ఫాస్ఫేట్ అనగానే నేను భీమవరం వెళ్లకుండా ఉండనని ఈ కాలమ్ పాత పాఠకులకు తెలుసు. అక్కడ పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో సహ శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన పద్ధతిలో, ఆమ్లంలో మాలిబ్డేట్ ఫాస్ఫేట్‌ని పట్టుకుంటుంది, దాన్ని క్షయకరణం చేస్తే నీలం రంగు తేలుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఉంటే నీలం అంత చిక్కన. కండరం నుంచి తీసిన రసంలో ఆ రంగు రావాల్సిన దానికన్నా నెమ్మదిగా వచ్చింది. ఇంకొకరైతే రసాయనాలు పాతబడ్డాయని పారబోసేవారు. వాళ్లు ఆ ఆలస్యం వెంటపడ్డారు. ఫాస్ఫేట్‌ని నెమ్మదిగా వదిలే ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. పేరున్న లేబుల్ ఏదీ లేకుండా, రంగు వచ్చిన తీరు ఒక్కటే చూసి! ఈరోజు పీటెన్ పని కొలిచే మాలకైట్ గ్రీన్ పరీక్షలోనూ ఫాస్ఫేట్‌ని పట్టేది మాలిబ్డేటే.

మరి యాంటీబాడీ ఎందుకు? పని కొలవాలంటే కణాలను పగలగొట్టాలి. ప్రోస్టేట్ ముక్కని నూరితే గడ్డలోని కణాలు, వాటి మధ్య ఆరోగ్యంగా ఉన్న కణాలు, రక్తనాళాల గోడలు అన్నీ ఒకే రసంలో కలిసిపోతాయి. పీటెన్ ఉందనే జవాబు వస్తుంది. అదే ముక్కని పలచగా కోసి స్లైడు మీద పీటెన్ యాంటీబాడీతో స్టెయిన్ చేసి చూడండి. రక్తనాళం గోడ గోధుమరంగులో ఉంటుంది, మామూలు గ్రంథులు గోధుమరంగులో ఉంటాయి, వాటి నడుమ ఒక గ్రంథిలోని కణాలు మాత్రం హిమటాక్సిలిన్ నీలంలో మిగిలిపోతాయి. ఆ కణాలు పీటెన్‌ని పోగొట్టుకున్నాయి. ఆ పక్క గ్రంథిలో పోలేదు. రక్తనాళం కూడా రంగు పట్టలేదంటే స్టెయినింగే తప్పింది, ఆ స్లైడు చదవకూడదు. మిగతా చాలా పరీక్షల్లో రంగు కోసం వెతుకుతాం. ఇక్కడ రంగు లేకపోవడమే జబ్బు కాబట్టి, చచ్చుపడిన యాంటీబాడీ ప్రతి రోగికీ జబ్బు అంటగడుతుంది. ఆరోగ్యంగా ఉన్న కణం పక్కనే సాక్షిగా ఉండడం వల్లే ఆ ప్రమాదం తప్పుతోంది.

సీక్వెన్సింగ్‌లో జన్యువు చెక్కుచెదరకుండా కనిపించినా, ప్రోటీన్ మాత్రం లేని గడ్డలున్నాయి. ఏ కణంలో పోయిందో ఫాస్ఫేట్ కొలత చెప్పదు, జన్యు పరీక్షకి అసలు తెలియనే తెలియదు. చెప్పగలిగేది, తప్పు బ్యాండ్లు చూపించిందని నేను ఇంతసేపు తిట్టిన ఆ సాధనమే. పీటెన్ విషయంలో నా ఓటు యాంటీబాడీకే, పీసీ-3 పక్కన నిలబడి నెగ్గిన యాంటీబాడీకి.