కొరడా చప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చింది?

పోయిన వేసవిలో ఓ మధ్యాహ్నం రిత్విక్ ఘటక్ 'మేఘే ఢాకా తారా' (1960) మళ్ళీ పెట్టుకుని చూస్తున్నాను. వంటింట్లో మా అక్క గోంగూర ఒలుస్తోంది. ఉన్నట్టుండి అక్కణ్ణుంచే కేకేసింది. "ఎవర్నే అలా కొడుతున్నారు?"

ఎవర్నీ కొట్టడం లేదు. నీత (సుప్రియా చౌదురి) మెట్లు దిగుతోంది. తను ప్రేమించిన సనత్ గదిలో ఇంకో ఆడమనిషి ఉందని గ్రహించి వెనుదిరిగింది. తెర మీద ఉన్నది అంతే. చెవికి మాత్రం ఛెళ్ళు ఛెళ్ళుమని కొరడా దెబ్బలు. ఫ్రేములో కొరడా లేదు, కొట్టేవాడూ లేడు.

సినిమాలో వినిపించేదంతా బొమ్మతో పాటు దానంతటదే వచ్చేస్తుందనుకుంటాం. నిజానికి మాటలు, సంగీతం, అడుగుల చప్పుళ్ళు వేరువేరుగా సమకూర్చి, తర్వాత ఒకదాని మీద ఒకటి పేర్చి కలుపుతారు. తలుపు చప్పుడైనా సరే, ఉంచాలా వద్దా, ఎంత గట్టిగా ఉంచాలి అన్నది ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయమే. ఆ మెట్ల మీద కొరడాకి బదులు ఏ వయొలినో వినిపించి ఉంటే ఏమయ్యేదని ఆలోచించాను. జాలి పుట్టేది. "పాపం, ఎంత ఓర్పు!" అనుకునేవాళ్ళం. కొరడా ఆ వీలివ్వలేదు. ఇది ఓర్పు కాదు, దెబ్బ అని చెప్పింది.

ఇంతకన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది తల్లి దగ్గర వినిపించే చప్పుడు. దేశ విభజనతో తూర్పు బెంగాల్ నుంచి కలకత్తా శివార్లకు వచ్చిపడ్డ కుటుంబం అది. నీత సంపాదన మీదే ఇల్లు నడుస్తుంది. నీత, సనత్ దగ్గరవుతుంటే తల్లి ముఖం కనిపిస్తుంది, పొయ్యి మీద ఏదో సలసల కాగుతున్న చప్పుడు వినిపిస్తుంది. రోజూ ఉండే వంటింటి చప్పుడే. కానీ దాన్ని పెంచి ఆవిడ ముఖానికి తగిలించేసరికి ఆవిడ భయం తెలిసిపోతుంది. ఈ పిల్ల పెళ్ళి చేసుకుని పోతే రేపు పొయ్యి మీదికేదీ? ఇక ఆవిణ్ణి గయ్యాళి అని తోసేయడానికి లేదు. ఆ కాగేది ఆకలి.

ఇంటి కోసం అరిగిపోయే పెద్దకూతురికి మన కథల్లో, సినిమాల్లో 'త్యాగమయి' అన్న బిరుదు సిద్ధంగా ఉంటుంది. కె. బాలచందర్ 'అంతులేని కథ' (1976) అలాంటి ఆడపిల్ల కోపాన్ని చూపించింది, అది చిన్న విషయం కాదు. అయితే ఆ కోపం చాలావరకు మాటల్లో ఉంది. నీత మాట్లాడదు. ఆమె అనని మాటలు సౌండ్ ట్రాక్ అంటుంది.

ఘటక్ అతి చేశాడనే మిత్రులున్నారు. అన్నా చెల్లెళ్ళు కలిసి రవీంద్రుడి పాట పాడే దృశ్యం చివర మళ్ళీ కొరడా వినిపిస్తుంది. అక్కడ నాకూ ఒకప్పుడు అలాగే అనిపించింది, పాటే చాలు కదా అని. ఇప్పుడనిపించడం లేదు. అంత మంచి పాట విన్నాక కళ్ళు తుడుచుకుని తేలికపడి లేచిపోతాం. ఆయన అది జరగనివ్వలేదు.

నీత ఇల్లు విడిచే ఘట్టంలో ఉమను అత్తవారింటికి సాగనంపే బెంగాలీ పాట వెనక నుంచి వస్తుంది. మన అప్పగింతల పాటలాంటిది. పెళ్ళే కాని పిల్లకి అప్పగింతలు! క్షయతో ఆమె చేరేది షిల్లాంగ్ కొండల్లోని శానిటోరియానికి.

నా మొదటి పుస్తకం అక్కకి అంకితమిస్తూ 'త్యాగమూర్తి' అని రాశాను. పద్దెనిమిదేళ్ళకే ఉద్యోగంలో చేరి మా ముగ్గుర్నీ చదివించింది, పెళ్ళి చేసుకోలేదు. ఆ పేజీ చూసి ఏమీ అనలేదు. సంతోషపడిందనే అనుకున్నాను ఇన్నేళ్ళూ.

చివర్లో నీత తనకి బతకాలని ఉందని అన్న ముందు బావురుమంటుంది. కెమెరా ఆమెని వదిలేసి కొండల చుట్టూ తిరుగుతుంది. గొంతు మాత్రం కొండకీ కొండకీ తగిలి తిరిగి వస్తూనే ఉంటుంది. అప్పటికి అక్క గోంగూర పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బెంగాలీ రాదు, కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదవడానికి కళ్ళజోడు దగ్గర లేదు.

"ఏమంటోందే?" అంది.

చెప్పాను. కాసేపాగి, ఇందాకటి కొట్టే చోటు మళ్ళీ పెట్టమంది. ఈసారి కూర్చుని చూసింది.