మౌనం, రుణం, వారసత్వం: ‘శంకరాభరణం’లో తులసి స్థానం

ఉపోద్ఘాతం

తెలుగు చలనచిత్ర విమర్శలో ‘శంకరాభరణం’ గురించి వచ్చిన వ్యాఖ్యానాల్లో అధికభాగం ఒకే ద్వంద్వం చుట్టూ తిరిగాయి. ఒకవైపు శాస్త్రీయ సంగీతం, మరొకవైపు పాశ్చాత్య బాణీల హోరు. ఒకవైపు సంప్రదాయ నిష్ఠ, మరొకవైపు మారిన అభిరుచి. 1980 ఫిబ్రవరి 2న విడుదలైన ఈ చిత్రాన్ని ఆ కాలపు సాంస్కృతిక ఆందోళనకు ప్రతిబింబంగా చదవడం సహజమే. కె. విశ్వనాథ్ దర్శకత్వం, కె.వి. మహదేవన్ సంగీతం, వేటూరి సాహిత్యం, జంధ్యాల సంభాషణలు, బాలు మహేంద్ర ఛాయాగ్రహణం కలిసి ఆ చదువుకు బలమైన ఆధారాన్నే ఇచ్చాయి. తారాబలం లేకుండా, డిప్యూటీ కలెక్టరుగా ఉద్యోగం చేస్తూ రంగస్థల నటుడిగా పేరున్న జె.వి. సోమయాజులు ప్రధానపాత్రలో నిలిచిన చిత్రం జనాదరణ పొందడంతో, ఆ విజయమే శాస్త్రీయ సంగీతపు విజయమన్న భావన స్థిరపడింది.

అయితే చిత్రకథను ఈ ద్వంద్వానికే కుదిస్తే ఒక ముఖ్యాంశం మరుగున పడుతుంది. శంకరశాస్త్రి వృద్ధాప్యంలో ఎదుర్కొనేది శ్రోతల కొరతను మాత్రమే కాదు. తీర్చని ఒక రుణం కూడా ఆయన గతంలో ఉంది. ఆ రుణం తులసిది. చిత్రం ఆ రుణాన్ని గుర్తించిన తీరునూ, తీర్చిన తీరునూ, తీర్చకుండా వదిలిన భాగాన్నీ పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

శాస్త్రికి ఉన్న రెండు గతాలు

వైభవం తరిగిన శంకరశాస్త్రికి రెండు గతాలున్నాయి. మొదటిది కీర్తికి సంబంధించినది. ఒకప్పుడు సభలు ఆయన కోసం ఎదురుచూశాయి; తరువాత ఆ సభలే లేకుండా పోయాయి. అర్ధరాత్రి ఇంటి ముందు పాశ్చాత్య బాణీలతో గోల చేసే యువకుల దృశ్యం ఈ గతానికి చెందినది. గమనించవలసిన విషయం, ఆ దృశ్యంలో శాస్త్రి పాశ్చాత్య సంగీతాన్ని తక్కువ చేయడు. సంగీతానికి ఎల్లలు లేవన్నదే ఆయన వైఖరి. ఆయన కోపం అవహేళన మీద, అపస్వరం మీద. స్వరం తప్పిన కూతురిని ‘శారదా’ అని గద్దించే మనిషే ఇక్కడా కనిపిస్తాడు. అంటే మారిన కాలంతో ఆయనకు ఉన్న తగవును చిత్రమే కొంతవరకు పరిష్కరించింది.

రెండవ గతం తులసికి సంబంధించినది. గణికావృత్తి కుటుంబంలో పుట్టిన తులసి నాట్యమంటే ప్రాణమిచ్చే పిల్ల. శాస్త్రి గానాన్ని దూరం నుంచి విని, ఆ గానానికి అడుగులు కలిపి, ఆయనను గురువుగా మనసులో నిలుపుకొన్నది. కన్నతల్లే ఆమెను వృత్తిలోకి నెట్టాలని చూస్తుంది. ఒక జమీందారు చేతిలో ఆమె అత్యాచారానికి గురవుతుంది. గురువుగా భావించిన వ్యక్తికి జరిగిన అవమానాన్ని కూడా సహించలేక ఆ జమీందారును చంపుతుంది. శాస్త్రి ఆమెకు అండగా నిలిచి ఇంటికి తెస్తాడు. ఊరు ఆయనను వెలివేస్తుంది. పక్కవాద్యకారులు సైతం లేచిపోతారు. శాస్త్రి గుడి ముందు ఒంటరిగా పాడతాడు. తన వల్ల ఆయనకు కలిగిన నష్టాన్ని చూసి తులసి తనంతట తానే వెళ్లిపోతుంది.

ఇక్కడ శాస్త్రి ధైర్యాన్ని తక్కువ చేయడానికి వీలులేదు. ఆయన తులసిని విడిచిపెట్టలేదు. సంఘానికి క్షమాపణ చెప్పుకోలేదు. అయినా ఒక లోపం మిగిలే ఉంది. ఆయన ఆశ్రయం ఇచ్చాడు గాని ఆమెను శిష్యురాలి ఆసనంలో కూర్చోబెట్టలేదు. చిత్రమంతటా వీరిద్దరి మధ్య మాటలు అత్యల్పం. ఈ మౌనాన్ని చాలామంది పవిత్రతకు గుర్తుగా చదివారు. కామానికీ దాంపత్యానికీ అందని అనుబంధాన్ని మాటల్లో పెట్టకపోవడం విశ్వనాథ్ సంయమనమే. కాని ఆ మౌనానికి మరొక ముఖం ఉంది. తులసి తన అర్హతను తానే ప్రకటించుకొనే సందర్భం కథలో ఎక్కడా రాదు. ఆమె విద్య ఆరాధనగా గుర్తింపు పొందింది, విద్యగా పొందలేదు.

గండపెండేరం ఎవరి కాలికి?

కథ రెండవ భాగంలో చొరవ శాస్త్రిది కాదు, తులసిది. అత్యాచార ఫలితంగా పుట్టిన కొడుకు శంకరాన్ని, తన బిడ్డ అన్న సంగతి దాచి, అనాథగా శాస్త్రి చెంతకు చేరుస్తుంది. చిత్రశీర్షికలోని శ్లేష ఇక్కడ పూర్తి అర్థాన్ని పొందుతుంది. శంకరాభరణం ఒక రాగం. శంకరునికి ఆభరణం సర్పం. విషం నుంచి పుట్టినదాన్ని కంఠాభరణంగా మార్చడం శివుని లక్షణం. హింస నుంచి పుట్టిన బిడ్డను శంకరశాస్త్రి విద్యకు ఆభరణంగా మార్చాలన్నది తులసి సంకల్పం. కాబట్టి ఈ చిత్రంలో రాగం పేరు ఒక నైతిక ప్రతిపాదన కూడా.

ముగింపు కచేరీ తులసి పూనికతోనే జరుగుతుంది. ఎవరూ పిలవని వృద్ధ విద్వాంసుడికి మళ్లీ వేదిక దొరుకుతుంది. పాడుతూ ఆయన కుప్పకూలినప్పుడు, ఆగిన పాటను బాలుడైన శంకరం అందుకుంటాడు. శాస్త్రి తన గండపెండేరాన్ని ఆ బాలుడికి తొడిగి కన్నుమూస్తాడు. గండపెండేరం తెలుగు సాహిత్యస్మృతిలో సామాన్యమైన ఆభరణం కాదు. రాయల ఆస్థానంలో పెద్దన పొందిన గౌరవంగా అది చాటుకథల్లో నిలిచింది. రాజు చేతి నుంచి పండితుడి కాలికి చేరే ఆభరణాన్ని ఇక్కడ ఒక విద్వాంసుడు, తండ్రి పేరు చెప్పుకోలేని గణికాపుత్రుడి కాలికి తొడుగుతున్నాడు. వారసత్వాన్ని రక్తం నుంచి, కులం నుంచి విడదీసి విద్యకు ముడివేసిన ఈ చర్య తెలుగు సినిమాలో అరుదైనది. చిత్రపు నిజమైన సాహసం ఇక్కడ ఉంది.

అయితే అదే క్షణంలో తులసి శాస్త్రి పాదాల దగ్గర ప్రాణం విడుస్తుంది. భక్తిమార్గంలో చూస్తే ఇది ఐక్యం. ఆమె పేరులోనే అర్చనాద్రవ్యమైన తులసిదళం ఉన్నందువల్ల, ఈ ముగింపుకు అంతర్గత న్యాయం ఉందన్న వాదనను తోసిపుచ్చలేము. కాని కథానిర్మాణ దృష్టితో చూస్తే ఫలితం వేరు. గురువు తన రుణాన్ని కొడుకు ద్వారా తీర్చుకున్నాడు. అప్పు ఇచ్చిన మనిషికి మాత్రం చేతికి ఏమీ అందలేదు. కొడుకు కాలికి గండపెండేరం వచ్చిన తరువాత తల్లి వేదిక మీద ఏ హోదాలో నిలబడాలన్న ప్రశ్న తలెత్తకముందే కథ ఆమెను ముగించింది.

‘సాగర సంగమం’, ‘స్వాతి కిరణం’: ఒక నమూనా, దాని భంగం

ఇది ఒక చిత్రానికి పరిమితమైన యాదృచ్ఛిక అంశం కాదని 1983లో వచ్చిన ‘సాగర సంగమం’ నిరూపిస్తుంది. అక్కడి బాలకృష్ణ గాయకుడు కాదు, నర్తకుడు. మద్యానికి లోబడి, పత్రికలో నాట్యవిమర్శ రాస్తూ బతుకుతున్న అతడు శైలజ నాట్యంలోని లోపాన్ని ఎత్తిచూపుతాడు. ఆ శైలజ తాను ప్రేమించి వదులుకొన్న మాధవికి కూతురని అతడికి తెలియదు. మాధవి ప్రోద్బలంతో అతడు శైలజకు గురువవుతాడు. చక్రాల కుర్చీలో కూర్చొని ఆమె నాట్యం చూస్తూ మరణిస్తాడు.

రెండు చిత్రాల ఉమ్మడి చట్రం స్పష్టం. మసకబారిన కళాకారుడు తన గతాన్ని మాటలతో ఎదుర్కోడు. గతంలోని స్త్రీ కన్న బిడ్డకు విద్య నేర్పి ఎదుర్కొంటాడు. శంకరం తులసి కొడుకు, శైలజ మాధవి కూతురు. గురువు మరణం, శిష్యుల ప్రదర్శన ఒకే వేదిక మీద జరుగుతాయి. ఆ వేదికను సిద్ధం చేసినది రెండు చోట్లా ఆ స్త్రీయే. అయితే ఒక భేదం ఉంది. మాధవి బతికి ఉంటుంది. చివరి వానలో మిత్రుడు రఘు బాలు దేహాన్ని మోసుకొని వెళుతుండగా ఆమె గొడుగు పడుతుంది. అంతకుముందు, తన వైధవ్యాన్ని బాలుకు తెలియనివ్వకుండా ఆమె పెట్టుకొన్న కుంకుమ వానకు కరిగిపోకుండా అతడు అరచేయి అడ్డుపెట్టిన దృశ్యానికి ఇది జవాబు. తులసికి దక్కని ప్రతిస్పందనావకాశం మాధవికి దక్కింది. మూడేళ్ల వ్యవధిలో దర్శకుడు తన నమూనాను కొంత సవరించుకున్నాడని చెప్పవచ్చు.

1992 నాటి ‘స్వాతి కిరణం’లో ఆ నమూనాయే పగులుతుంది. అక్కడ సంగీత విద్వాంసుడు అనంతరామశర్మ శిష్యుడైన గంగాధరం ప్రతిభను చూసి అసూయతో దహించుకుపోతాడు. ఆ పసివాడు ప్రాణం తీసుకొంటాడు. ‘శంకరాభరణం’లో గురువు ఆగిన చోట శిష్యుడు పాట అందుకొంటే, ఇక్కడ గురువు కారణంగానే శిష్యుడి పాట ఆగిపోయింది. క్షీణతకు కాలాన్ని నిందించే వీలు ఇక లేదు. కళాకారుడి పతనం అతడి లోపలి నుంచే మొదలవుతుందని ఈ చిత్రం అంగీకరించింది. ఈ వెలుగులో వెనక్కి తిరిగి చూస్తే, శంకరశాస్త్రి కథలోనూ అసలు ప్రశ్న శ్రోతలది కాదనీ గురువు బాధ్యతదనీ మరింత స్పష్టమవుతుంది.

చరిత్రలోని తులసులు

తులసి పాత్ర కల్పితమే అయినా ఆమె వెనుక ఉన్న చరిత్ర కల్పితం కాదు. క్షేత్రయ్య పదాలను, జావళీలను తరతరాలుగా అభినయంతో సహా కాపాడినవారిలో కళావంతుల స్త్రీలు ప్రముఖులు. సంస్కరణోద్యమం వారి దోపిడీని ప్రశ్నించింది. అది అవసరమైన ప్రశ్న. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం దేవాలయాలకు స్త్రీలను అర్పించే ఆచారాన్నీ, దానికి అనుబంధమైన నృత్యాన్నీ నిషేధించింది. దోపిడీతో పాటు విద్యకూ వేదిక పోయింది. గోదావరి ప్రాంతపు సరిదె మాణిక్యాంబ వంటివారి విద్య నటరాజ రామకృష్ణ కృషితో ఆంధ్రనాట్యం పేరిట మళ్లీ వెలుగు చూడడానికి దశాబ్దాలు పట్టింది. ‘శంకరాభరణం’ ఆ నది ఒడ్డునే తన కథను నడిపి, ఆ స్త్రీని భక్తురాలిగా చూపింది. ఆమె చేతిలో ఒక సంప్రదాయం ఉందని చూపలేదు.

తులసికి దగ్గరి చారిత్రక సాదృశ్యం బెంగళూరు నాగరత్నమ్మ. ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ను 1910లో పరిష్కరించి ప్రచురించిన ఈ విదుషి, 1920వ దశకంలో తన సంపాదనను వెచ్చించి తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి ఆలయరూపం కల్పించింది. మహాగాయకుడి స్మృతికి వేదిక కట్టినది ఒక దేవదాసి. తులసి చేసినదీ అదే. కాని తొలినాళ్లలో అక్కడి ఆరాధనలో స్త్రీలకు పాడే అవకాశం లేనప్పుడు నాగరత్నమ్మ పక్కకు తప్పుకోలేదు. స్త్రీలతో వేరుగా ఆరాధన జరిపించింది. వేదిక కట్టడంతో ఆగక వేదిక మీద చోటును కూడా కోరింది. తులసి మొదటిది చేసింది; రెండవది చేసే అవకాశం ఆమెకు కథ ఇవ్వలేదు. చరిత్ర సాధించినదానికంటే కల్పన ఒక అడుగు వెనుకబడిన సందర్భమిది.

ఈ ప్రశ్న గోదావరి తీరానికీ కర్ణాటక సంగీతానికీ పరిమితం కాదు. మంజీర పరీవాహకంలోని బాన్సువాడ, బోధన్ ప్రాంతాల్లో కళాకారిణి స్థానం మరొక విధంగా ముందుకు వస్తుంది. బోధన్ సమీపంలోని అమ్దాపూర్‌కు చెందిన చిందుల ఎల్లమ్మ చిందు యక్షగానాన్ని కులవిద్యగా పొంది, స్త్రీపురుష పాత్రలు రెండింటినీ ధరించి, ఆ కళకు తానే ప్రతినిధిగా నిలిచింది. ఆమె విద్యకు మరొక గురువు ముద్ర అవసరం కాలేదు. తెలుగు సినిమా 2017లో ‘ఫిదా’తో బాన్సువాడను కథాస్థలంగా తెచ్చుకొన్నది, ఆ ప్రాంతపు పలుకుబడిని కథానాయిక నోట వినిపించింది. ఆ నేల మీది కళాకారిణి జీవితం మాత్రం తెర మీద ఇంకా కథావస్తువు కావలసి ఉంది. 2023 నాటి ‘బలగం’ ముగింపులో బుడగజంగాల కళాకారులే తెర మీదికి వచ్చి పాడడం ఈ దిశలో గుర్తించదగిన మార్పు. అక్కడ గాయకులు తమ గతాన్ని ఎదుర్కోవడం లేదు. ఒక కుటుంబం తన గతాన్ని ఎదుర్కొనేలా చేస్తున్నారు.

ముగింపు

‘శంకరాభరణం’ విలువ దాని సంగీతంతోనో, మహదేవన్, బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాంలకు లభించిన జాతీయ పురస్కారాలతోనో తీరిపోయేది కాదు. గురుశిష్య పరంపరలో జన్మకు బదులు విద్యను ప్రమాణంగా నిలిపిన సాహసం దానిది. ఆ సాహసాన్ని కొడుకు వరకే పరిమితం చేసి, తల్లిని పాదాల దగ్గర ఆపిన సంకోచం కూడా దానిదే. ఈ రెండింటినీ కలిపి చదివినప్పుడే చిత్రానికి న్యాయం జరుగుతుంది. శాస్త్రీయ సంగీతానికి శ్రోతలు తగ్గారన్న బాధను ఈ చిత్రం తెలుగువారికి గుర్తుచేసింది. ఆ సంగీతాన్ని కాపాడినవారిలో ఎవరిని మరిచామన్న ప్రశ్నను మాత్రం తులసి మౌనంలో దాచింది. దానిని వెలికితీయడం సినిమా విమర్శతో పాటు సాహిత్య చరిత్ర రచన బాధ్యత కూడా.